రెండో కనెక్షన్

"ఇక్కడ కూడా లేదు సార్."

గొయ్యిలోంచి వినిపించిన ఆ మాటకి ఇన్‌స్పెక్టర్ మొహం మాడిపోయింది.

రెండు వాటాల మధ్య సందు పొడవునా తవ్విన గొయ్యి అది. మనిషి దిగితే నడుం దాకా వస్తుంది. అడుగున కొత్త డ్రైనేజీ పైపు తెల్లగా కనిపిస్తోంది. శవం కోసం పోలీసులు ఆ గొయ్యిని తవ్వడం ఇది రెండోసారి.

"పైపు కింద చూశారా?"

"కిందా చూశాం, పక్కనా చూశాం. ఇంక మిగిలింది పైపు లోపలే సార్."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఇన్‌స్పెక్టర్ గిరుక్కున తిరిగాడు. సందు మొదట్లో భూతద్దమ్మ నిలబడి ఉంది.

ఆమె చేతిలో భూతద్దం ఏనాడూ లేదు. బీమా కంపెనీలో దొంగ క్లెయిములు పట్టుకునే ఉద్యోగం చాలాకాలం చేసి, విసుగొచ్చి మానేసి, సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచింది. కాలిపోయిందన్న గోదాము బూడిదలో సరుకు బూడిద లేదని కనిపెట్టిన మనిషి. ఆ పేరు పెట్టింది ఈ ఇన్‌స్పెక్టరే, వెటకారానికి. వెటకారం అరిగిపోయి పేరు మిగిలింది.

"ఆలస్యంగా వచ్చారు మేడమ్. కేసు అయిపోయింది," అన్నాడు.

"అయిపోయిన కేసుకి గొయ్యెందుకు?"

ఇన్‌స్పెక్టర్ ఆమె వెనకాల నిలబడిన మనిషిని చూశాడు. అసలు అతని ఒళ్ళు మండించేది ఆ మనిషే. ఆమె ఈ ఇంటి పెద్దకోడలు. హత్యకి గురయ్యాడంటున్నది ఆమె భర్త. హత్య చేశానని ఒప్పుకున్నది ఆమె మరిది. ఆ మరిదిని విడిపించమని డిటెక్టివ్‌ని పెట్టుకున్నది ఆవిడే.

"మీకు బుద్ధి ఉండే చేస్తున్నారా అమ్మా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్ ఆమెతో. "మొగుణ్ణి చంపినవాడి తరఫున తిరుగుతున్నారు."

"నేను ఈ ఇంటికి వచ్చినప్పుడు మా మరిది నిక్కర్లేసుకునేవాడు సార్," అంది పెద్దకోడలు. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. "బొద్దింకని చంపమంటే పక్కకి తోసి వదిలేసేవాడు. వాడు కొట్టుంటాడు, తిట్టుంటాడు. చంపడు."

"వాడే వచ్చి చెప్పాడు కదమ్మా!"

"వాడికేం తెలుసు?"

ఆ జవాబుకి ఇన్‌స్పెక్టర్ చేతులెత్తేశాడు.

జరిగింది చెప్పుకుంటే చాలా చిన్నది. ఇల్లు తండ్రిది. ఆయన పోయాక అన్నదమ్ములు ఇంటికి నడిమధ్య గోడ కట్టుకున్నారు. నేల మీద గోడ కట్టగలిగారు గానీ నేల కింద పైపుని పంచుకోలేకపోయారు. వీధిలో ఉన్న పాత డ్రైనేజీ లైనుకి ఆ ఇంటి నుంచి ఒక్కటే కనెక్షన్. అది అన్న వాటాలోంచి పోతుంది. మూడేళ్ళు అరుపులే తప్ప మాటల్లేవు. ఆ తర్వాత ఒక మాట మీద మాట పెరిగి, తమ్ముడి వైపు నుంచి వచ్చే పైపులో అన్న సిమెంటు పోయించాడు. తమ్ముడు పంతం పట్టి వేరే కనెక్షన్‌కి పర్మిషన్ తెచ్చుకున్నాడు. ఉమ్మడి సందులోంచి గొయ్యి తవ్వించి వీధి లైనులో కలపడం మొదలుపెట్టించాడు. కూలీలు మధ్యాహ్నం భోజనానికి వెళ్ళినప్పుడు అన్న గొయ్యిలోకి దిగి, "నా శవం మీంచి వేసుకో పైపు," అన్నాడు.

ఆ తర్వాత అతన్ని ఎవరూ చూడలేదు. గొయ్యి అంచున నెత్తురు. ఆ నెత్తురే అంటుకున్న పార. సాయంత్రానికి తమ్ముడు తన కాళ్ళ మీద తాను స్టేషన్‌కి నడిచి వెళ్ళి, "మా అన్నని చంపేశాను," అన్నాడు. ఇది వారం కిందటి మాట.

"శవం ఎక్కడుందంటాడు?" అని అడిగింది భూతద్దమ్మ.

"మొదట తెలీదన్నాడు. తర్వాత గొయ్యిలో అన్నాడు. తర్వాత పాడుబడిన బావి అన్నాడు. ఇవాళ పొద్దున్న అసలు నిజం కక్కాడు. నది వంతెన మీంచి పడేశాడట. చోటు చూపించమని ఇద్దరు కానిస్టేబుళ్ళనిచ్చి పంపాను."

"నదిలో ఉంటే ఇక్కడ తవ్వుతున్నారేం?"

"వాడి మాట నమ్మను."

"నమ్మరు. కానీ ఆ మాట మీదే నది దాకా పంపారు. ఆ మాట మీదే హత్య కేసు రాశారు." ఆమె వేలితో వీధి వైపు చూపించింది. "పట్టపగలు, ఇంత పెద్ద మనిషిని భుజాన వేసుకుని వంతెన దాకా నడిస్తే ఒక్క కన్నూ చూడలేదా? మీ వీధిలో అంతమంది గుడ్డివాళ్ళున్నారా?"

"మరి ఏమంటారు మీరు?"

"మూడు చోట్లు చెప్పినవాడికి నిజమైన చోటు తెలీదంటాను. మీరు వదలట్లేదని ఏదో ఒకటి చెబుతున్నాడు. నిన్న లాకప్పులో చూశాను కదా. వాడి తల వెనక నిమ్మకాయంత బొప్పి ఉంది. 'ఇదెలా వచ్చింది?' అంటే 'అన్న కొట్టాడు, పడిపోయాను, లేచేసరికి అన్న లేడు' అన్నాడు. లేచేసరికి లేనివాడు చచ్చాడని నీకెవరు చెప్పారయ్యా అని అడిగాను."

"ఏమన్నాడు?"

"గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ గారూ, ఆ ఒక్క ప్రశ్న మీరు అడగలేదు."

ఇన్‌స్పెక్టర్ ఏదో అనబోయాడు. ఆమె అప్పటికే చెప్పులు విప్పి, చీర కుచ్చెళ్ళు ఎగదోపి గొయ్యిలోకి దిగింది.

* * *

పైపుల మేస్త్రీ గొయ్యి చివర నక్కి ఉన్నాడు. పోలీసులు పిలిచిన ప్రతిసారీ ఇదే వణుకు.

"అమ్మా, నాకేం తెలీదు. పిల్లలు గలవాణ్ణి."

"నిన్నెవరూ తినరు. ఈ పైపు ఎప్పుడు పూర్తి చేశావు?"

"గొడవైన మూడో రోజు. సార్‌వాళ్ళు ఒకసారి తవ్వి చూసుకున్నాక. చిన్నమ్మగారి వైపు లెట్రిన్ పనిచెయ్యదు, పిల్లలతో ఇబ్బంది పడుతోంది, పని పూర్తి చెయ్యనివ్వండని పెద్దావిడ, అదే అన్నదమ్ముల తల్లి, సార్‌ని బతిమాలింది."

"మానవత్వం కొద్దీ ఒప్పుకున్నాను," అన్నాడు ఇన్‌స్పెక్టర్ పైనుంచి.

"మంచి పని చేశారు. మేస్త్రీ, పర్మిషన్ ఎన్ని కనెక్షన్లకి?"

"ఒకటే అమ్మా."

"మరి ఇదేమిటి?"

ఆమె వంగి పైపు పక్కన మట్టిని చేత్తో తోసింది. పైపు సగంలో, ఇటుకలతో కట్టిన చిన్న చాంబర్‌కి కాస్త ముందు, ఒక వై జాయింటు ఉంది. దాన్నుంచి ఇంకో పైపు పక్కకి తిరిగి, మట్టి కిందుగా సందు చివరికి పోయింది. తమ్ముడి వాటా కుడిచేతి వైపు. ఆ పైపు పోయింది ఎడమ వైపు.

మేస్త్రీ మెడ గోక్కున్నాడు.

"అది... పెద్దావిడ అడిగిందమ్మా. ఆవిడ గది వెనక గోడలోంచి పాత లెట్రిన్ పైపు ఒకటి బయటికి పొడుచుకునుంది. ఎప్పుడో మూసేసింది. మోకాళ్ళ నొప్పులు నాయనా, పెద్దోడి వాటా దాకా నడవలేకపోతున్నాను, పనిలో పని దీన్ని కూడా కలిపెయ్యి అంది. ముసలి ప్రాణం, కాదంటానా? పర్మిషన్ లేదు కాబట్టి బయటికి చెప్పలేదు. ఇంతే నేను చేసిన నేరం."

"లోపలికి వెళ్ళి చూశావా?"

"అవసరం పడలేదు. బయటే కలిపాను. నేను లోపల నీళ్ళు పోస్తాను, నువ్వు కారుతుందేమో చూసుకో అంది. పోసింది. చుక్క కారలేదు."

భూతద్దమ్మ తల ఎత్తి సందు చివరికి చూసింది. అక్కడ పెద్దావిడ గది. గదిని ఆనుకుని రేకుల షెడ్డు. ఇంటాయన బతికున్న రోజుల్లో ఆ షెడ్డులోనే కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. షెడ్డు తలుపుకి తుప్పు పట్టిన తాళం వేలాడుతోంది.

"ఆ షెడ్డు చూశారా?" అని అడిగింది ఇన్‌స్పెక్టర్‌ని.

"చూడకుండా ఉంటానా? తాళానికి సాలెగూడుంది. మీ క్లయింటు మామగారు పోయినప్పటి నుంచీ తీసినట్టు లేరు. శవం సాలెగూడు చెదరకుండా లోపలికి పోదు కదా?"

"శవం పోదు," అని గొయ్యిలోంచి పైకి వచ్చింది ఆమె.

* * *

పెద్దావిడ తన గది గుమ్మం ముందు నేల మీద మఠం వేసుకుని కూర్చుని ఉంది. సన్నటి మనిషి. డిటెక్టివ్ వస్తుంటే చూసి, చేతులు నేలకి ఆనించకుండానే చటుక్కున లేచి నిలబడింది.

"మోకాళ్ళ నొప్పులు తగ్గాయా అమ్మా?"

పెద్దావిడ ఒక్క క్షణం తడబడింది. "వస్తుంటాయి, పోతుంటాయి తల్లీ."

"ఆ రోజు గొడవ జరిగినప్పుడు మీరెక్కడున్నారు?"

"గదిలో పడుకున్నాను. ఈ సారుకి చెప్పానుగా."

"గుమ్మం ముందు కొడుకులిద్దరూ అరుచుకుంటుంటే నిద్ర ఎలా పట్టింది?"

"మూడేళ్ళుగా అరుచుకుంటూనే ఉన్నారు. ఆ అరుపులకి మేలుకునేదాన్నయితే ఈపాటికి నిద్ర లేకే పోయేదాన్ని."

ఇన్‌స్పెక్టర్ మీసం కింద నవ్వుకున్నాడు. భూతద్దమ్మకి కూడా ముసలావిడ నచ్చింది. నచ్చినకొద్దీ అనుమానం పెరిగింది.

"పెద్దబ్బాయి ఎలాంటివాడు?"

"వాడికి కోపం జాస్తి. ముక్కు మీదే ఉంటుంది. కానీ కడుపు నిండితే చల్లబడతాడు."

పక్కనే ఉన్న పెద్దకోడలు కళ్ళు తుడుచుకుంది. "అవునండీ. ఎంత కోపంలో ఉన్నా తిన్నాక మామూలుగా మాట్లాడేవారు."

భార్య నోట 'మాట్లాడేవారు' అని వస్తోంది. తల్లి నోట 'చల్లబడతాడు' అని వస్తోంది. ఆ తేడా డిటెక్టివ్ చెవిలో పడింది.

ఇంతలో చిన్నకోడలు వచ్చింది. చేతిలో మూత పెట్టిన పళ్ళెం. మొగుడు లాకప్పులో ఉన్న మనిషి. జుట్టు దువ్వుకుని ఎన్నాళ్ళయిందో.

"అత్తయ్యా, తినండి. అక్కా, నువ్వు కూడా రా, పొద్దున్నుంచీ ఏమీ తినలేదు," అంది పెద్దకోడలి భుజం మీద చెయ్యి వేసి.

"అత్తగారు తింటున్నారా?" అని అడిగింది భూతద్దమ్మ.

"అదొక్కటే మాకు ధైర్యం అండీ. మా ఇద్దరికీ ముద్ద దిగట్లేదు. అత్తయ్య మాత్రం గదిలోకి తీసుకెళ్ళి తిని, మళ్ళీ ఇంకోసారి పెట్టమంటారు. దిగులుకి కొందరికి ఆకలి ఎక్కువవుతుందట కదా?"

పెద్దావిడ పళ్ళెం అందుకోలేదు. నేల చూస్తూ ఉండిపోయింది.

భూతద్దమ్మ ఒక్కసారి సందంతా కలియజూసింది. ఉన్నట్టుండి గొంతు పెంచి, అవతల వీధికి వినపడేలా అంది: "ఇక్కడ ఏమీ లేదు ఇన్‌స్పెక్టర్ గారూ! మీరే గెలిచారు! పదండి, అందరం వెళ్ళిపోదాం!"

ఇన్‌స్పెక్టర్ నోరు తెరిచాడు. ఆమె అతని చెవి దగ్గరికి వెళ్ళి గొణిగింది. అతను తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ గొణిగింది. అతను పళ్ళు కొరికి, తన మనుషుల మీద కేకలేశాడు. పారలు ఎత్తారు. తలుపులు ధనాధన్ వేసుకుని జీపు కదిలింది. ఆ చప్పుడు మలుపు దాటి సన్నగిల్లింది. కాసేపటికి ఇన్‌స్పెక్టర్ బూట్లు చేత్తో పట్టుకుని, మేజోళ్ళతో పిల్లిలా నడుచుకుంటూ వెనక్కి వచ్చాడు. ఇంకెప్పుడైనా అయితే మేస్త్రీ పగలబడి నవ్వేవాడే.

ఈలోగా ఆమె చాంబర్ మూత తీయించింది. కోడళ్ళిద్దర్నీ చాంబర్ పక్కనే కూర్చోబెట్టింది. పిల్లలు బడికి పోయారు. పెద్దావిడని మాత్రం తన పక్కనే కూర్చోబెట్టుకుని, చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. పైకి అది ఓదార్పులా ఉంది. కానీ ఆమె వేళ్ళు ముసలావిడ మణికట్టు నాడి మీద ఉన్నాయి.

"అత్తయ్యా, ఏం జరుగుతోంది?" అంది పెద్దకోడలు గుసగుసగా.

భూతద్దమ్మ పెదవుల మీద వేలు పెట్టింది.

చాంబర్ అడుగున అరచెయ్యంత పైపు నోరు పొడిగా ఉంది. తమ్ముడి వాటాలో ఎవరూ లేరు. పెద్దావిడ గదిలో ఎవరూ లేరు. ఆ పైపుకి కలిసిన ఇళ్ళల్లో మనుషులంతా ఆ సందులోనే, కళ్ళ ముందే ఉన్నారు.

భూతద్దమ్మ వేళ్ళ కింద నాడి ఉన్నట్టుండి పరుగందుకుంది. ముసలావిడ చెవులు ఆమె కంటే ముందే విన్నాయి.

పైపులో గళగళమని చప్పుడు.

నీళ్ళు వచ్చాయి. ఒక మగ్గెడు, ఇంకో మగ్గెడు. వాటి వెనకే తెల్లటి నురగ.

చిన్నకోడలు కెవ్వుమనబోయి నోరు నొక్కుకుంది. మేస్త్రీ రెండడుగులు వెనక్కి వేశాడు. ఇన్‌స్పెక్టర్ చేతిలోంచి ఒక బూటు జారి పడింది.

డిటెక్టివ్ వంగి నురగని వేలితో తీసింది. అరచేతి మీద రాసి వెలుతురుకి పెట్టింది. నురగలో నల్లగా, పొట్టిగా, మధ్య మధ్య తెల్లగా వెంట్రుకలు.

"గడ్డం," అంది. "ఈ ఇంట్లో గడ్డం గీసుకునేవాళ్ళు ఇద్దరే ఇన్‌స్పెక్టర్ గారూ. ఒకడు మీ కస్టడీలో ఉన్నాడు."

పెద్దకోడలు లేవబోయింది. అలాగే మట్టిలో చేతులు ఆనించి షెడ్డు వైపు చూస్తూ ఉండిపోయింది. ఆమె గొంతులోంచి వచ్చిన శబ్దం ఏడుపో, నవ్వో, పిలుపో ఎవరికీ తెలియలేదు.

ఇన్‌స్పెక్టర్ మేజోళ్ళతోనే షెడ్డు తలుపు మీదికి ఉరికాడు.

"తలుపు విరక్కొట్టకండి," అంది పెద్దావిడ. డిటెక్టివ్ చేతిలోంచి తన చెయ్యి నెమ్మదిగా విడిపించుకుంది. "దారి అటు కాదు. రండి."

* * *

గదిలో గోడకి ఆనించి ఇనుప బీరువా ఉంది. దాని కాళ్ళ కింద మడత పెట్టిన గోనెలు. పెద్దావిడ ఒక్క చేత్తో తోస్తే బీరువా మెత్తగా పక్కకి జరిగింది. దాని వెనక చిన్న తలుపు. ఇంటాయన పని మధ్యలో మంచినీళ్ళకి లోపలికి రావడానికి పెట్టించుకున్న తలుపు అది.

లోపల పాత కుట్టుమిషన్ల మధ్య ఒక చాప, గది గోడ పక్కన మూలగా పాత లెట్రిన్. తలుపు తెరుచుకున్న చప్పుడుకి ఒక మనిషి లేచి నిలబడ్డాడు. తలకి కట్టు. చేతిలో రేజరు. మొహం సగం నున్నగా, సగం నురగతో ఉంది.

భార్యని చూశాడు. వెనకాల ఖాకీ బట్టలు చూశాడు. రేజరు కింద పడేసి రెండు చేతులూ పైకెత్తాడు.

"నేనే వస్తున్నాను సార్. మీ దగ్గరికి రావడానికే గడ్డం గీసుకుంటున్నాను. మా అమ్మని ఏమీ అనకండి, ఆవిడకేం తెలీదు. తమ్ముణ్ణి చంపింది నేనే."



ఇన్‌స్పెక్టర్ ఒకసారి అతన్ని, ఒకసారి డిటెక్టివ్‌ని చూశాడు. "ఏమంటున్నాడు వీడు? వాడు వీణ్ణి చంపాననీ... వీడు వాణ్ణి..." పూర్తి చెయ్యలేకపోయాడు.

భూతద్దమ్మ కూడా ఆ మాటకి సిద్ధంగా లేదు. దాక్కున్న మనిషి దొరుకుతాడని తెలుసు. తమ్ముడి మీద కక్షతో దాక్కున్నాడనుకుంది. తల్లి పెద్దకొడుకు పక్షం చేరిందనుకుంది. ఆమె లెక్క అంతా ఒక్క వాక్యంతో తలకిందులైపోయింది.

"నీ తమ్ముడు చచ్చాడని నీకెవరు చెప్పారు?" అంది.

"ఎవరో చెప్పడమేమిటి? నా కళ్ళతో చూశాను. వాడు నన్ను పారతో కొట్టాడు, నెత్తురు చూసి నాకు పిచ్చెక్కింది. అదే పార లాక్కుని దాని కర్రతో వాడి తల మీద కొట్టాను. గొయ్యిలో పడ్డాడు. కదల్లేదు. అమ్మ పరిగెత్తుకొచ్చి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. పోయాడురా అంది."

అందరూ పెద్దావిడ వైపు తిరిగారు.

ఆమె తప్పించుకోవాలని చూడలేదు. చాప అంచున కూర్చుంది.

"ఊపిరాడుతూనే ఉంది," అంది. "నా వేలికి వెచ్చగా తగిలింది. అయినా పోయాడన్నాను."

"అమ్మా!"

"వాడు చచ్చినా మొహం చూడనని నువ్వు. నీ శవాన్ని కూడా ముట్టనని వాడు. మూడేళ్ళు విన్నాన్రా. ఆ రోజు ఇద్దరూ పార ఎత్తారు. ఇంకోసారి ఎత్తితే ఎవడో ఒకడు నిజంగానే పోతాడనిపించింది. సరే, పోయాడనుకోండి, ఎలా ఉంటుందో ఒక్క రాత్రి చూడండి అనుకున్నాను. నిన్ను ఇందులోకి తోశాను. వాడు లేచి అన్నేడమ్మా అంటే, నీ దెబ్బకి పోయాడు, ఎవరికీ చెప్పకు, లోపలికి పో అన్నాను. తెల్లారాక ఇద్దర్నీ ఎదురెదురుగా నిలబెడదామనుకున్నాను. వాడు లోపలికి పోలేదు. స్టేషన్‌కి పోయాడు. నా పేరైనా చెప్పలేదు."

"మర్నాడే చెప్పొచ్చు కదమ్మా!" అని అరిచాడు ఇన్‌స్పెక్టర్.

"చెప్పడానికే లేచాను నాయనా. వంటింట్లో చూస్తే కోడళ్ళిద్దరూ ఒక్క పొయ్యి దగ్గరున్నారు. మూడేళ్ళ తర్వాత. చిన్నదాని పిల్లలకి పెద్దది తినిపిస్తోంది. ఇక్కడికొస్తే వీడు తమ్ముణ్ణి తలుచుకుని తల గోడకేసి కొట్టుకుంటున్నాడు. మూడేళ్ళు నేను ఏది కావాలని ఏడ్చానో అదంతా ఒక్క పూటలో వచ్చింది. ఇంకొక్క రోజు, ఇంకొక్క రోజు అనుకున్నాను. రోజులు పెరిగేసరికి వీడికి లెట్రిన్ కావలసొచ్చింది. ఆ మేస్త్రీని అడిగాను."

పెద్దకోడలు అత్తగారి ముందు మోకాళ్ళ మీద కూలబడింది. "నా ఏడుపు మీకు వినపడలేదా అత్తయ్యా?"

"వినపడింది తల్లీ. పక్కన చిన్నదాని ఏడుపు కూడా వినపడింది. మీరిద్దరూ ఒక గదిలో ఏడవడం అదే మొదటిసారి వినడం."

ఆమెని కొట్టాలో కౌగిలించుకోవాలో తెలియనట్టు పెద్దకోడలు చేతులు గాలిలో ఆగిపోయాయి.

పెద్దకొడుక్కి మాత్రం ఇదేమీ పట్టినట్టు లేదు. అతను ఒకే మాట దగ్గర ఆగిపోయాడు. "ఊపిరాడుతూనే ఉందా?" అన్నాడు. ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగాడు. "అంటే బతికే ఉన్నాడా? నిజం చెప్పండి సార్. బతికే ఉన్నాడా?"

"ఉన్నాడు," అంది భూతద్దమ్మ. "నిన్న మాట్లాడాను. నిన్ను చంపేశానని కుమిలిపోతున్నాడు."

అతను నవ్వాడు. సగం గడ్డంతో, నురగతో, కళ్ళ నీళ్ళతో నవ్వాడు. "నన్ను చంపడమేమిటి వాడి మొహం! పదండి సార్, పదండి. ఇలాగే వస్తాను. నా వాటాలోంచే పైపు వేసుకోమంటాను. ఇల్లంతా వాణ్ణే తీసుకోమనండి. పదండి!" చిన్నకోడలి వైపు చూశాడు. మూడేళ్ళలో మొదటిసారి ఆమెతో మాట్లాడాడు. "రామ్మా, నువ్వు కూడా రా. వెళ్ళి తీసుకొచ్చేద్దాం."

చిన్నకోడలు కొంగుతో మొహం కప్పుకుని వెక్కి వెక్కి ఏడుస్తూ తల ఊపింది.

ఇన్‌స్పెక్టర్ జేబులో ఫోన్ మోగింది.

"చెప్పు," అన్నాడు. అతని మొహంలో రంగు పోవడం డిటెక్టివ్ చూసింది. అవతల కానిస్టేబుల్ అరిచి అరిచి చెబుతున్నాడు. పక్కనే నిలబడిన ఆమెకి ప్రతి మాటా వినిపించింది.

"...చోటు చూపిస్తానని రెయిలింగ్ దాకా వెళ్ళాడు సార్. మా అన్న ఇక్కడే ఉన్నాడు, నేనూ వెళ్తున్నా అని దూకేశాడు సార్. పట్టుకున్నాం, చొక్కా చిరిగి చేతిలోకొచ్చింది. పడవలవాళ్ళు దిగారు. నీళ్ళు జోరుగా ఉన్నాయి సార్, ఇంకా కనపళ్ళేదు..."

ఇన్‌స్పెక్టర్ చెయ్యి ఫోన్‌తో సహా కిందికి జారింది. ఎన్నడూ లేనిది అతను భూతద్దమ్మ వైపు సాయం కోసం చూశాడు.

"ఎవరు సార్? స్టేషన్ నుంచేనా?" అన్నాడు పెద్దకొడుకు. అతని మొహం మీద నవ్వు ఇంకా ఆరలేదు. "తమ్ముడేనా?"

చిన్నకోడలు కొంగు దించి ఇన్‌స్పెక్టర్ మొహం చూసింది. అలాగే గోడకి చేరబడి కిందికి జారిపోయింది.

పెద్దావిడ లేచింది. ఇన్‌స్పెక్టర్ చేతిలోంచి ఫోన్ రెండు చేతులతో లాక్కుంది. దాన్ని ఎటు పట్టుకోవాలో కూడా తెలియక నోటికి ఆనించుకుని అరిచింది.

"ఒరే చిన్నోడా, అబద్ధంరా! నేను చెప్పింది అబద్ధంరా నాన్నా! అన్నకేం కాలేదు. ఇక్కడే ఉన్నాడు. ఇదిగో, మాట్లాడు... నువ్వు మాట్లాడరా పెద్దోడా, చెప్పరా వాడికి!"

ఆమె ఫోన్ తెచ్చి పెద్దకొడుకు చెవికి నొక్కి పెట్టింది.

"తమ్ముడూ," అన్నాడు అతను.

అవతల ఎవరో ఎవరికో తాడు విసరమని కేకలేస్తున్నారు. ఆ కేకల వెనక నీళ్ళ హోరు.